స్కాన్‌లో మెదడు కుంచించుకుపోయిందని వస్తే బీపీ ఎందుకు చూడాలి

అరవై దాటినవాళ్లకు ఏ కారణంతో తల స్కాన్ తీసినా రిపోర్టు చివర్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘వయసుతో వచ్చే సెరిబ్రల్ అట్రోఫీ’. మెదడు కొంత కుంచించుకుపోయిందని దానర్థం. అది చదివి ‘వయసైపోయింది కదా, మామూలే’ అని కవరు మూసేసేవాళ్లు కొందరు. జ్ఞాపకశక్తి మాత్రల కోసం మందుల షాపుకు పరుగెత్తేవాళ్లు కొందరు. రెండు రకాలవాళ్లూ అదే రిపోర్టులో పైనో కిందో ఉండే ఇంకో వాక్యాన్ని వదిలేస్తారు. ‘స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ ఛేంజెస్’ అనో, ‘వైట్ మ్యాటర్ హైపర్‌ఇంటెన్సిటీస్’ అనో రాసి ఉంటుంది. మెదడులోని సన్న రక్తనాళాలు దెబ్బతిన్నాయనీ, ఆ గుర్తుగా తెల్లమచ్చలు కనిపిస్తున్నాయనీ వాటి అర్థం. నా లెక్కలో చేయాల్సిన పనేమిటో చెప్పేది ఆ వాక్యమే. తగ్గిపోయిన మెదడును మందుతో పెంచలేం. దాన్ని తగ్గిస్తున్న రక్తనాళాల సంగతి మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది.

ముందు ఎంత తగ్గడం మామూలో చూద్దాం. ముప్పై అయిదేళ్లు దాటినప్పటి నుంచి మెదడు ఏటా సుమారు 0.2 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. అరవై వచ్చేసరికి ఆ వేగం 0.5 శాతం దగ్గరికి చేరుతుంది. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో ఏటా 1 నుంచి 2 శాతం దాకా పోతుంది. కొత్త విషయాలను గుర్తుపెట్టుకోవడానికి కీలకమైన హిప్పోక్యాంపస్ ఇంకా త్వరగా కరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఏటా దాదాపు 1.4 శాతం, అల్జీమర్స్‌లో 4 శాతం పైన. తగ్గిన మేరకు పుర్రెలో ఏర్పడ్డ చోటును మెదడు చుట్టూ ఉండే ద్రవం నింపుతుంది. అందుకే స్కాన్‌లో మడతల మధ్య సందులు వెడల్పుగా, లోపల ద్రవం ఉండే గదులు (వెంట్రికిల్స్) పెద్దవిగా కనబడతాయి.

కుంచించుకుపోయింది అనగానే కణాలన్నీ చచ్చిపోయాయని భయపడక్కర్లేదు. మామూలుగా వయసుతో వచ్చే తగ్గుదలలో ఎక్కువ భాగం న్యూరాన్ల చావు కాదు. వాటి కొమ్మలు పొట్టివవుతాయి, ఒకదానితో ఒకటి కలిసే చోట్లు తగ్గుతాయి, కణాల నుంచి సాగే తీగల చుట్టూ ఉండే మయలిన్ అనే కొవ్వు పొర పలచబడుతుంది. అందుకే స్కాన్ చూడ్డానికి బాగోకపోయినా మనిషి చురుగ్గా ఉండటం అరుదేమీ కాదు.

గుండె దగ్గర మొదలయ్యే సంగతి

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతం. గుండె నిమిషానికి తోసే రక్తంలో మాత్రం 15 శాతం దాకా, అంటే సుమారు 750 మి.లీ. అది తీసుకుంటుంది. ఒంట్లోకి వచ్చే ఆక్సిజన్‌లో అయిదో వంతు దానికే ఖర్చు. పైగా నిల్వ పెట్టుకునే అలవాటు దానికి లేదు. రక్తం పూర్తిగా ఆగితే పది సెకన్లకు అటూ ఇటూ స్పృహ పోతుంది.

ఇంత రక్తం నిరంతరం లోపలికి రావాలి కాబట్టి మెదడు నాళాలు ప్రవాహానికి పెద్దగా అడ్డు చెప్పవు. ఇబ్బంది వచ్చేది అక్కడే. గుండె కొట్టుకున్నప్పుడల్లా దాని నుంచి బయల్దేరే పెద్ద నాళం, బృహద్ధమని, సాగి ఆ దెబ్బను మింగుతుంది, తర్వాత మెల్లగా ముడుచుకుంటూ రక్తాన్ని సమంగా ముందుకు పంపుతుంది. ఏళ్ల తరబడి బీపీ, షుగర్, పొగ తోడైతే ఆ సాగే గుణం పోతుంది. గోడ బిరుసెక్కాక దెబ్బను మింగేవాళ్లు లేరు. నాడి అల మరింత వేగంగా, మరింత గట్టిగా కిందికీ పైకీ పోతుంది. మెడ ధమని నుంచి తొడ ధమని దాకా ఆ వేగాన్ని కొలిచే పరీక్ష ఉంది. సెకనుకు 10 మీటర్లు దాటితే నాళాలు బిరుసెక్కాయని లెక్క. ఆ పరీక్ష అందుబాటులో లేనివాళ్లకు ఒక మోటు లెక్క చాలు: బీపీలో పై అంకె నుంచి కింది అంకె తీసేయండి. 130/80 అయితే తేడా 50. 160/70 అయితే 90. పెద్దవయసులో ఈ తేడా 60 దాటి స్థిరంగా ఉంటే బృహద్ధమని బిరుసెక్కిందన్న అనుమానం బలంగా పెట్టుకోవచ్చు. కింది అంకె బాగుందని మురిసిపోయేవాళ్లకు ఇది తప్పక చెప్పాలి. పెద్దవాళ్లలో కింది అంకె తక్కువగా ఉండటానికి నాళాలు సాగే గుణం కోల్పోవడమే చాలాసార్లు కారణం.

ఆ దెబ్బ చివరికి తగిలేది మెదడు లోతుల్లోకి వెళ్లే జుట్టులాంటి సన్న ధమనులకు. వాటి గోడలు మందమై లోపలి దారి ఇరుకవుతుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడ కారడం మొదలవుతుంది. వెంట్రికిల్స్ చుట్టూ ఉన్న, తీగలు నడిచే తెల్ల పదార్థానికి ఈ సన్న ధమనులే దిక్కు. పక్క నుంచి ఆదుకునే నాళాలు అక్కడ చాలా తక్కువ. అందుకే మొదట దెబ్బతినేది అదే, ఎమ్మారైలో తెల్లమచ్చలు ముందు కనిపించేదీ అక్కడే. మచ్చ పడిన చోట తెగిన తీగలు పైన కణాలుండే ఏ బూడిద పదార్థానికి వెళ్తాయో, కొంత కాలానికి ఆ భాగమూ పలచబడుతుంది. కింద నాళం పాడైతే పైన మెదడు తగ్గే దారుల్లో ఇదొకటి.

ఇంకో మెలిక ఉంది. బీపీ కాస్త పెరిగినా తగ్గినా మెదడు తన నాళాలను బిగించో వదులు చేసో ప్రవాహాన్ని సమంగా ఉంచుకుంటుంది. ఏళ్ల తరబడి ఎక్కువ బీపీకి అలవాటుపడ్డ మెదడులో ఈ సర్దుబాటు పరిధి పైకి జరిగిపోతుంది. ఆ మనిషికి బీపీని ఒక్కసారిగా బాగా దించితే, వేరేవాళ్లకు మామూలైన అంకె దగ్గరే కళ్లు తిరుగుతాయి. నెమ్మదిగా వారాల మీద దించాలని డాక్టర్లు చెప్పేది అందుకే.

గుండె తోసే శక్తికీ దీనికీ నేరుగా సంబంధం ఉంది. అమెరికాలో దశాబ్దాలుగా సాగుతున్న ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనంలో 34 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 1504 మందికి గుండె పనితీరూ మెదడు పరిమాణమూ కలిపి చూశారు. 2010లో అచ్చయిన ఆ ఫలితంలో నన్ను ఆపిన సంగతి ఇది: ఒంటి సైజుకు తగ్గట్టు లెక్కేసిన పంపింగ్ బాగా తక్కువ ఉన్నవాళ్లకే కాదు, మధ్యస్థంగా ఉన్నవాళ్లకు కూడా, ఎక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే మెదడు చిన్నదిగా ఉంది. అంటే గుండె వైఫల్యం అని పేరు పడేదాకా ఆగే విషయం కాదిది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ సంగతీ అంతే. పెద్ద పక్షవాతం ఒక్కటే దాని ప్రమాదం కాదు. చిన్న చిన్న గడ్డలు వెళ్లి ఇరుక్కుని, పైకి ఏ లక్షణమూ లేకుండా మచ్చలు మిగులుస్తాయి. మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి పూర్తిగా ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే లయ తప్పడం దొరకదు. వరస లేకుండా కొట్టుకుంటుంటే ఈసీజీ తీయించుకోవాలి.

ఏ వయసులో

బ్రిటన్‌లో 1946 మార్చిలో ఒకే వారంలో పుట్టినవాళ్లను జీవితాంతం వెంబడిస్తున్న అధ్యయనం ఒకటి ఉంది. డెబ్బై ఏళ్ల దగ్గర వాళ్లలో కొందరికి మెదడు స్కాన్లు తీసి, పాత బీపీ రికార్డులతో పోల్చారు. నడివయసులో, ముఖ్యంగా 36 నుంచి 53 ఏళ్ల మధ్య, బీపీ వేగంగా పెరిగినవాళ్లకు డెబ్బైలో మెదడు చిన్నదిగా ఉండే ధోరణి కనిపించింది. 53 ఏళ్లకు బీపీ ఎక్కువున్నవాళ్లకు తెల్లమచ్చలు ఎక్కువ. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌కు మాత్రం బీపీతో సంబంధం దొరకలేదు. బీపీ దెబ్బ నాళాల దారిలోనే వస్తోందనడానికి ఇది మంచి సాక్ష్యం. నలభైల్లో 138, 142 అని చూసి ‘బోర్డర్ కదా’ అని దాటేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన అధ్యయనం.

మరి బీపీ గట్టిగా తగ్గిస్తే మెదడు తగ్గడం ఆగుతుందా? ఆగలేదు. అమెరికాలో జరిగిన స్ప్రింట్ ప్రయోగంలో 50 ఏళ్లు దాటిన 9361 మందిని రెండుగా విడగొట్టారు. ఒక గుంపుకు పై అంకె 120 లోపు, రెండో గుంపుకు 140 లోపు లక్ష్యం. 2019లో మెదడు ఫలితాలు వచ్చాయి. గట్టిగా తగ్గించిన గుంపులో డిమెన్షియాకు ముందు దశ అయిన తేలికపాటి మతిమరుపు 19 శాతం తక్కువ. డిమెన్షియా కూడా తక్కువే, కానీ ఆ తేడా గణాంకపరంగా నిలబడేంత కాదు. స్కాన్ తీసినవాళ్లలో తెల్లమచ్చలు ఈ గుంపులో 0.92 ఘన సెం.మీ. పెరిగితే, రెండో గుంపులో 1.45 పెరిగాయి. ఇంతవరకూ అనుకున్నట్టే. మొత్తం మెదడు పరిమాణం మాత్రం గట్టిగా తగ్గించినవాళ్లలో 30.6 ఘన సెం.మీ. తగ్గింది, మిగతావాళ్లలో 26.9. మందు బాగా వాడినవాళ్లకే ఎక్కువ కుంచించుకుపోయింది!

ఈ ఒక్క అంకె పట్టుకుని బీపీ మాత్రలు మెదడును కరిగిస్తాయని ప్రచారం చేసేవాళ్లున్నారు. మతిమరుపూ మచ్చలూ తగ్గిన సంగతి వాళ్లు చెప్పరు. రక్తం పీడనం తగ్గితే మెదడులోని రక్తం, నీరు కాస్త తగ్గి పరిమాణం మారడం ఒక వివరణ. ఆ తేడా సుమారు 4 ఘన సెం.మీ., అంటే చెంచాడు కూడా లేదు.

షుగర్‌లో ఇదే కథ తిరగబడింది. అకార్డ్ మైండ్ ప్రయోగంలో ఏళ్ల తరబడి టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీని 6 శాతం లోపుకు దించాలని చూశారు. 40 నెలలకు వాళ్ల మెదడు మిగతా గుంపు కంటే సుమారు 4.6 ఘన సెం.మీ. పెద్దగా ఉంది. జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో తేడా లేదు. పైగా గట్టిగా దించిన గుంపులో చావులు పెరిగాయని ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. ఒక ప్రయోగంలో మెదడు చిన్నదై మనిషి మెరుగు, ఇంకోదాంట్లో మెదడు పెద్దదై మనిషికి నష్టం. స్కాన్‌లోని పరిమాణాన్ని లక్ష్యంగా పెట్టుకుని మందులు మార్చకూడదని నేను గట్టిగా అనేది ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాకే.

బీపీ సరిగ్గా చూడటం

ఇంట్లో మిషన్ ఉన్నవాళ్లలో చాలామంది తప్పుగా కొలుస్తారు, ఆ తప్పుడు అంకెల మీదే డోసు మారుతుంది. మొదటి తప్పు చేతికి చుట్టే పట్టీది, అంటే కఫ్‌ది. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపుతో చుట్టుకొలత తీయండి. మామూలు కఫ్‌లు చాలావరకు 22 నుంచి 32 సెం.మీ. చేతికి సరిపోతాయి. 34 ఉన్న చేతికి అది చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. లావు చేతివాళ్లకు పెద్ద కఫ్ విడిగా కొనాల్సిందే. మణికట్టు మిషన్ల కంటే పైచేతి మిషన్లే నమ్మదగ్గవి.

కొలిచే ముందు అరగంట కాఫీ, టీ, పొగ, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కఫ్ చొక్కా మీద కాదు, చర్మం మీదే. చేతిని బల్ల మీద పెట్టి, కఫ్ గుండె ఎత్తులో ఉండేలా చూడాలి. చేయి గుండెకంటే పది సెం.మీ. కిందికి ఉంటే అంకె 7, 8 పాయింట్లు ఎక్కువ వస్తుంది. ఇది నీటిమట్టం లెక్క, మిషన్ లోపం కాదు. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు.

నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. పొద్దున మాత్ర వేసుకోకముందు రెండు, రాత్రి పడుకోబోయే ముందు రెండు. అలా ఏడు రోజులు. మొదటి రోజు అంకెలు పక్కన పడేసి మిగతా ఇరవై నాలుగింటికీ సగటు తీయండి. ఇంట్లో తీసిన ఆ సగటు 135/85 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే బీపీ ఉన్నట్టే. నచ్చిన అంకె వచ్చేదాకా మళ్లీ మళ్లీ నొక్కి అదొక్కటే రాసుకునేవాళ్లు డాక్టర్‌ను కాదు, తమనే మోసం చేసుకుంటున్నారు. నాడి లయ తప్పినవాళ్లకు మిషన్ ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది కాబట్టి మూడుసార్లు చూసి సగటు తీయాలి.

పెద్దవాళ్లకు ఇంకో కొలత అవసరం. అయిదు నిమిషాలు పడుకున్నాక ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ. పడుకున్నప్పటి కంటే పై అంకె 20 పాయింట్లు గానీ కింది అంకె 10 పాయింట్లు గానీ పడిపోతే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పి మందులు సర్దించుకోవాలి. సొంతంగా ఆపేయకూడదు. కొన్ని రకాల మాత్రలు ఉన్నట్టుండి మానితే బీపీ ఎగిరిపడుతుంది.

రాత్రి నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం దిగాలి. దిగనివాళ్లకు నాళాల దెబ్బ ఎక్కువ. అది తెలియాలంటే 24 గంటల మిషన్ కట్టించుకోవాలి. గట్టిగా గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, పగలు కునుకుపాట్లు ఉంటే నిద్ర పరీక్ష కూడా అడగండి. మూడు మాత్రలు వేసినా లొంగని బీపీ వెనక చాలాసార్లు స్లీప్ ఆప్నియా ఉంటుంది.

మిగతావి

పొగ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, మానాలి. మద్యం ఎక్కువ తాగేవాళ్లలో తగ్గిన మెదడు పరిమాణం, మానేసిన కొన్ని వారాల్లోనే కొంత తిరిగి రావడం మొదలవుతుంది.

నడకకు మంచి ఆధారం ఉంది. 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో 120 మంది పెద్దవాళ్లలో సగం మంది ఏడాది పాటు వారానికి మూడు రోజులు నడిచారు. మొదట పది నిమిషాలతో మొదలెట్టి, వారానికి అయిదు నిమిషాలు పెంచుతూ ఏడో వారానికి నలభై చేరారు. ఏడాది చివర వాళ్ల హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లకు 1.4 శాతం తగ్గింది. తర్వాతి ప్రయోగాలన్నీ కలిపి చూస్తే పెరగడం కంటే తగ్గకుండా నిలబడటమే ఎక్కువగా కనిపిస్తుంది. అదీ చిన్న విషయం కాదు. షికారు నడక దీనికి సరిపోదు. 220లోంచి వయసు తీసేసి, అందులోంచి విశ్రాంతి నాడి తీసేయండి. మిగిలినదానిలో 60 నుంచి 75 శాతం లెక్కేసి విశ్రాంతి నాడికి కలపండి. 60 ఏళ్లు, విశ్రాంతి నాడి 70 అయితే నిమిషానికి 124 నుంచి 137 మధ్య రావాలి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు, నాడి అంత పెరగదు. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత వేగం ఉంటే చాలు. గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి.

విటమిన్లలో నేను పట్టించుకునేది బి12 ఒక్కటే. ఆక్స్‌ఫర్డ్‌లో తేలికపాటి మతిమరుపు ఉన్న 168 మంది మీద రెండేళ్లు చేసిన ప్రయోగంలో ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 కలిపి ఇచ్చినవాళ్లకు మెదడు ఏటా 0.76 శాతం తగ్గింది, ఇవ్వనివాళ్లకు 1.08 శాతం. లాభమంతా ఇంచుమించు రక్తంలో హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్నవాళ్లకే. కాబట్టి అందరూ మింగాల్సిన మాత్రలు కావు. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ గానీ ఎసిడిటీ మాత్రలు గానీ వాడేవాళ్లు, శాకాహారులు ఒకసారి బి12 చూపించుకోవడం న్యాయం.

తెల్లమచ్చలు చూసి ‘రక్తం పలచబడాలి’ అని సొంతంగా ఆస్పిరిన్ మొదలెట్టకండి. గుండెపోటు, పక్షవాతం రాని 19 వేలమందికి పైగా పెద్దవాళ్లకు రోజూ 100 మి.గ్రా. ఇచ్చి చూసిన ఆస్ప్రీ ప్రయోగంలో డిమెన్షియా తగ్గలేదు, రక్తస్రావాలు పెరిగాయి.

రిపోర్టు చేతిలో ఉన్నప్పుడు

సీటీలో మెదడు తగ్గడం కనిపిస్తుంది గానీ సన్న నాళాల దెబ్బ పూర్తిగా తేలదు. ఎమ్మారైలో ఫ్లెయిర్ అనే రకం చిత్రాల్లో తెల్లమచ్చల్ని ఫాజెకాస్ స్కేలు మీద 0 నుంచి 3 దాకా వేస్తారు. 1 పెద్దవాళ్లలో మామూలు. 2, 3 అంటే నాళాల మీద గట్టిగా పని మొదలవ్వాలి. 3 నుంచి 15 మి.మీ. గుంటల్లాంటివి లాక్యూన్లు, పాత చిన్న పక్షవాతాల గుర్తులు. సన్నటి రక్తపు చుక్కలు ఎస్‌డబ్ల్యూఐ లాంటి ప్రత్యేక ఎమ్మారై చిత్రాల్లోనే బాగా కనిపిస్తాయి. రక్తం పలచబరిచే మందు మొదలెట్టే ముందు డాక్టర్‌కు చూపించాల్సిన సంగతి అది. హిప్పోక్యాంపస్ వైపు తగ్గుదలకు ఎంటీఏ స్కోరు, 0 నుంచి 4. డెబ్బై అయిదు లోపు 2 వస్తేనే ఆలోచించాలి, దాటినవాళ్లకు 3 నుంచి.

పోయినేడు ఒకచోట, ఈ ఏడు ఇంకోచోట తీయించి ‘పెరిగింది, తగ్గింది’ అని పోల్చకండి. ఏటా పోయే 0.5 శాతం అంటే అయిదారు మి.లీ. మిషన్ మారితేనే ఆ మాత్రం తేడా వస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా, స్టెరాయిడ్లు వాడుతున్నా మెదడు చిన్నదిగా కనిపిస్తుంది.

వెంట్రికిల్స్ మాత్రం బాగా ఉబ్బి, మనిషి పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడుస్తూ, మూత్రం ఆపుకోలేకపోతూ, మతిమరుపు కూడా తోడైతే అది వట్టి కుంచించుకుపోవడం కాకపోవచ్చు. నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అనే ఆ జబ్బులో ద్రవాన్ని మళ్లించే ఆపరేషన్‌తో నడక బాగుపడే అవకాశం ఉంది కాబట్టి న్యూరాలజిస్టుకు చూపించాలి.

కుంచించుకుపోయిన మెదడుకూ పుర్రెకూ మధ్య ఖాళీ పెరిగాక ఆ ఖాళీని దాటే సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి తెగి, రక్తం మెల్లగా వారాల పాటు చేరుతుంది. కిందపడి తలకు తగిలిందంటే, అప్పటికి బాగానే ఉన్నా, తర్వాతి వారాల్లో, ఒకటి రెండు నెలల్లో కూడా, కొత్తగా తలనొప్పి, మగత, తికమక, ఒకవైపు బలహీనత వస్తే వయసు మీద నెట్టకుండా అదే రోజు తల సీటీ తీయించాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు లక్షణాల కోసం ఆగకుండా దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రికి వెళ్లాలి.